ఇల్లు మారేటప్పుడు విప్పవలసినవి, విప్పకూడనివి

ఇల్లు ఖాళీ చేయడం ఎంత కష్టమో మనలో చాలామందికి అనుభవమే. మూటలు కట్టడం, బీరువా కిందికి దింపడం, లారీ వాడితో బేరమాడడం – ఇవన్నీ ఒంటికి కష్టమిచ్చే పనులు. అయితే కొన్ని ఇళ్ళలో ఒంటికంటే మనసుకే ఎక్కువ కష్టం కలుగుతుంది. అలాంటి ఒక ఇంటి సంగతి ఈ నెల పాఠకుల ముందు ఉంచుతున్నాను. అది ఒక కుటుంబానికి చెందిన చిన్న విషయమే. కాని అందులోనుండి తలెత్తిన ప్రశ్నలు మనందరికీ వర్తిస్తాయి.

తిరుపతిలో ఒక పెద్దాయన ఉన్నారు. రైల్వే క్యారేజ్ రిపేర్ షాపులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన బాల్యం పాకాల జంక్షన్ దగ్గర గడిచింది. ఆ రోజుల్లో పాకాల నుండి పీలేరు, మదనపల్లె రోడ్డు, కదిరి మీదుగా ధర్మవరం వరకు మీటరు గేజి రైలు నడిచేది. ఆ పట్టాల మధ్య దూరం సరిగ్గా ఒక మీటరు. బ్రాడ్ గేజిలో అది 1,676 మిల్లీమీటర్లు. దేశమంతటా ఒకే గేజి ఉండాలనే పథకాన్ని భారతీయ రైల్వే 1992లో చేపట్టింది. తరువాతి సంవత్సరాలలో మన ప్రాంతంలోని మీటరు గేజి పట్టాలను కూడా తీసివేసి, వెడల్పు పట్టాలు వేశారు. పెద్దాయన చిన్ననాడు చూసిన పాకాల అలా కనుమరుగైంది.

రిటైరైన తరువాత ఆయన ఆ పాకాలను తన మేడగదిలో మళ్ళీ కట్టుకున్నారు. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ పలక మీద బొమ్మ రైలు మార్గం వేశారు. అసలు రైలులో 87వ వంతు కొలత ఉన్న ఇంజన్‌ను, పెట్టెలను దుబాయిలో పనిచేసే కొడుకు తెచ్చి ఇచ్చాడు. ప్లాస్టర్‌తో గుట్టలు, రంగు వేసిన రంపపు పొట్టుతో పచ్చిక, చింత పుల్లలతో చెట్లు, అట్టతో స్టేషను – మిగతాదంతా ఆయన చేతి పనే. పన్నెండేళ్ళు పట్టింది. ఇంటి యజమాని ఆ ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకోదలచాడు. పెద్దాయన దంపతులు చిత్తూరులో కూతురి ఇంటికి దగ్గరగా రెండు గదుల ఇల్లు అద్దెకు చూసుకున్నారు. అక్కడ ఆ పలకకు చోటు లేదు.

ఒక రోజు ఇషా నమాజు తరువాత ఆయన నా దగ్గరకు వచ్చి కూర్చున్నారు. "మౌల్వీసాబ్, ఒక్క మాట అడగాల. పన్నెండేండ్లు కట్టింది రెండు దినాల్లో విప్పేస్తా ఉండాను. నూలు వడికి మళ్ళీ పీకేసుకున్న ఆడమనిషి మాట ఖుర్ఆన్‌లో వస్తాది కదా, నేనూ అట్లాంటోడినేనా? ఆయుష్షంతా బొమ్మల కింద పోగొట్టుకున్నానా?" అన్నారు.

"రేపు అసర్ తరువాత ఇంటికి వస్తాను చాచా, చూసి మాట్లాడుకుందాం" అన్నాను.

ఆట వస్తువులు – ధర్మం గీసిన హద్దులు

మొదట తేలవలసిన విషయం, ఇలాంటి పని ధర్మసమ్మతమా కాదా అన్నది. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఇంట్లో హజ్రత్ ఆయిషా (రజి) గారికి బొమ్మలుండేవి. ఆయన తబూక్ లేక ఖైబర్ నుండి తిరిగి వచ్చినప్పుడు గాలికి తెర తొలగి ఆ బొమ్మలు కనిపించాయి. వాటి నడుమ గుడ్డముక్కలతో చేసిన రెక్కలున్న గుర్రం ఒకటి ఉంది. గుర్రానికి రెక్కలేమిటని ఆయన అడిగారు. హజ్రత్ సులైమాన్ (అలై) గారి గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె బదులిచ్చారు. దానికి దైవప్రవక్త (స) దంతాలు కనిపించేలా నవ్వారని అబూ దావూద్ గ్రంథంలో ఉంది. ఇంట్లో ఆటపాటలను, ఊహలను ఆయన చిన్నచూపు చూడలేదని దీనివల్ల తెలుస్తుంది.

ప్రాణుల రూపాలు చేయడం గురించి హదీసులలో గట్టి హెచ్చరికలున్నాయి. పిల్లల బొమ్మలకు పై హదీసు ఆధారంగా మినహాయింపు ఉందని చాలామంది ఉలమా చెప్పారు. మరికొందరు ఆ మినహాయింపును అంగీకరించలేదు. పెద్దాయన ఈ సంగతి తెలిసినవారే. ఆయన ప్లాట్‌ఫారం మీద నిలబెట్టిన ప్రయాణికులు ముఖాలు లేని చిన్న కర్రముక్కలు. రైలు, పట్టాలు, గుట్టల విషయంలో ఎలాంటి భేదాభిప్రాయమూ లేదు.

మిగిలిన హద్దులు ఆట వస్తువుకు సంబంధించినవి కావు, ఆడే మనిషికి సంబంధించినవి. దాని వల్ల నమాజు తప్పకూడదు. భార్యాబిడ్డల హక్కుకు లోటు రాకూడదు. అప్పు తీర్చవలసిన డబ్బు దాని మీద పెట్టకూడదు. దుబారా కాకూడదు. ప్రళయదినాన మనిషి తన ఆయుష్షును ఎందులో గడిపాడో, ధనాన్ని ఎక్కడ సంపాదించి ఎందులో ఖర్చు చేశాడో జవాబు చెప్పేవరకు పాదం కదపలేడని తిర్మిజీ హదీసు తెలుపుతోంది. ఈ ప్రశ్నలనే నేను పెద్దాయన ముందుంచాను. ఆయన దాచుకోకుండా చెప్పారు. అప్పు చేయలేదు. ఇంటి ఖర్చు తగ్గించలేదు. వీధి పిల్లలు వచ్చి చూసేవారు, వారికి తీగలు అతికించడం నేర్పారు. అజాన్ వినబడితే రైలు ఆపేవారు. "కానీ జిగురు ఆరిపోతాదని కొన్ని దినాలు అసర్ జమాఅత్ పోగొట్టుకున్న మాట నిజం" అన్నారు.

నేను చెప్పినది ఇదే: పశ్చాత్తాపపడవలసింది ఆ తప్పిన జమాఅత్‌ల గురించి. పన్నెండేళ్ళనూ ఒకే మూటగా కట్టి వృథా అని పారవేయడం న్యాయం కాదు. మనం లెక్క చూసుకునేటప్పుడు తప్పును తప్పుగా, మంచిని మంచిగా వేరుచేసి చూసుకోవాలి. అన్నీ పాపమే అనుకునేవాడు చివరికి ఏ ఒక్కదానికీ తౌబా చేయడు.

దుఃఖపడడం తప్పు కాదు

అసర్ తరువాత వెళ్ళేసరికి పని జరుగుతోంది. ఇలాంటి మార్గాన్ని విప్పడానికి ఒక వరుస ఉంది. మొదట ఇంజన్‌ను, పెట్టెలను తీసి గుడ్డలో చుట్టి పెట్టారు. పలక కింద ఉన్న ప్రతి తీగకు రెండు కొసలా ఒకే అంకె రాసిన కాగితం అతికించి, ఆ తరువాతే కత్తిరించారు. పట్టాల పక్కన కంకరగా పోసిన ఇసుక జిగురుతో గట్టిపడి ఉంది. దాని మీద గోరువెచ్చని నీళ్ళు చిలకరించి, నానిన తరువాత పలుచని రేకుతో పట్టాను మెల్లగా పైకి లేపారు. తొందరపడితే పట్టా వంగిపోతుంది, మరెవరికీ పనికిరాదు. గుట్టలను మాత్రం కాపాడడం సాధ్యం కాదు. సుత్తితో పగలగొట్టి గోతాంలో వేయవలసిందే. ఆ సుత్తి దెబ్బ దగ్గర పెద్దాయన చేయి ఆగిపోయింది. కళ్ళు తుడుచుకుని, "బొమ్మల కోసం ఏడ్చే ముసలోడిని చూసి నవ్వుకోండి" అన్నారు.

ప్రియ పాఠకులారా! నవ్వవలసిన పని లేదు. హజ్రత్ అనస్ (రజి) గారికి అబూ ఉమైర్ అనే చిన్న తమ్ముడు ఉండేవాడు. అతను ఆడుకునే చిన్న పిట్ట చనిపోయింది. దైవప్రవక్త (స) ఆ ఇంటికి వెళ్ళినప్పుడు ఆ పసివాడిని పేరు పెట్టి పలకరించి, నీ పిట్ట ఏమైందని ఆప్యాయంగా అడిగేవారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ సంఘటన ఉంది. ఒక సమాజాన్ని నడిపే బాధ్యత భుజాన ఉన్న మనిషి ఒక పిట్ట కోసం దుఃఖిస్తున్న పిల్లవాడి దగ్గర ఆగారు. అంతేకాదు, మక్కాను విడిచే వేళ ఆయన ఆ పట్టణం వైపు తిరిగి, నీవే నాకు అత్యంత ప్రియమైన చోటువని, నిన్ను విడిచేలా చేయకపోతే నేను వెళ్ళేవాడిని కానని పలికారు. ఇల్లు విడిచే బాధ దైవప్రవక్తల హృదయాలకూ తెలుసు.

ఇస్లాం కన్నీటిని నిషేధించలేదు, అల్లాహ్ నిర్ణయం మీద ఫిర్యాదును నిషేధించింది. చేజారిన దానికి కుంగిపోకుండా, చేతికి వచ్చిన దానికి విర్రవీగకుండా ఉండాలని అల్ హదీద్ సూరా (57:23) నేర్పుతుంది. కుంగిపోవడం వేరు, బాధపడడం వేరు. బాధపడినవాడు కళ్ళు తుడుచుకుని పని పూర్తిచేస్తాడు. కుంగిపోయినవాడు ఎదుటి మనిషి హక్కు కూడా మరచిపోతాడు.

విప్పినంత మాత్రాన వృథా కాదు

మనం చేసిన వస్తువు నిలిచి ఉంటేనే మన శ్రమకు విలువ అనుకుంటాము. దీనికి రైలు మార్గాల చరిత్రలోనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. ఉస్మానియా సుల్తాన్ రెండవ అబ్దుల్ హమీద్ 1900లో హిజాజ్ రైలు మార్గం కట్టమని ఆదేశించారు. డమాస్కస్ నుండి మదీనా వరకు సుమారు 1,300 కిలోమీటర్ల మార్గం అది. పట్టాల మధ్య దూరం 1,050 మిల్లీమీటర్లు, అంటే మన మీటరు గేజి కంటే వేలెడు ఎక్కువ. ఒంటెల మీద సుమారు నలభై రోజులు పట్టే ప్రయాణం కొద్ది రోజులకు తగ్గాలని, హాజీలకు సౌకర్యం కలగాలని ప్రపంచంలోని ముస్లిములు చందాలిచ్చారు. మన దేశపు ముస్లిములు కూడా అందులో పాలుపంచుకున్నారు. 1908లో రైలు మదీనాకు చేరింది. ఆ తరువాత మొదటి ప్రపంచ యుద్ధం (1914–18) వచ్చింది. వంతెనలు, పట్టాలు పేల్చివేయబడ్డాయి. మదీనా వైపు మార్గం మళ్ళీ నిలదొక్కుకోలేదు. మదీనాలోని ఆ స్టేషను నేడు మ్యూజియంగా ఉంది.

మరి ఆ చందా ఇచ్చిన పేదవాడి నాణెం వృథా అయిందా? ఎంతమాత్రం కాదు. కర్మలు సంకల్పాలను బట్టి ఉంటాయన్నది మనం పిల్లలకు మొట్టమొదట నేర్పే హదీసు. అతని సంకల్పం అల్లాహ్ వద్ద నమోదయింది, పట్టాలు ఇసుకలో కూరుకుపోయినంత మాత్రాన అది కూరుకుపోదు. ప్రళయం వచ్చే ఘడియలో చేతిలో మొక్క ఉన్నా, నాటగలిగితే నాటమని దైవప్రవక్త (స) బోధించారు. ఆ మొక్క చెట్టయ్యేది లేదు, కాయ కాచేది లేదు. అయినా నాటమన్నారు. ఫలితం మన చేతిలో లేదు, పనిని మంచి సంకల్పంతో చేయడమే మన చేతిలో ఉంది.

ఇక నూలు వడికిన స్త్రీ సంగతి. పెద్దాయన మనసును తొలిచిన ఆయతు అన్ నహ్ల్ సూరాలోనిది (16:92). గట్టిగా వడికిన నూలును తానే పోగులు పోగులుగా పీకివేసిన స్త్రీలా కావద్దని అందులో హెచ్చరిక ఉంది. కాని ఆ ఆయతుకు ముందున్న ఆయతును కలిపి చదవాలి. అక్కడ మాట ఒప్పందాల గురించి, ప్రమాణాల గురించి. అల్లాహ్‌ను సాక్షిగా పెట్టుకుని మాట ఇచ్చి, తరువాత లాభం మరోవైపు కనిపించగానే దాన్ని తెంచుకునేవారిని ఆ స్త్రీతో పోల్చడం జరిగింది. కట్టుకున్న పందిరిని విప్పడం, కుట్టిన బట్టను ఊడదీయడం, ఇల్లు ఖాళీ చేయడం – వీటిని ఖుర్ఆన్ నిందించలేదు. ఇచ్చిన మాటను విప్పడాన్ని నిందించింది.

ఈ మాట చెప్పినప్పుడు పెద్దాయన ముఖం తేలికపడుతుందనుకున్నాను. అలా జరగలేదు. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, "అయితే నేను విప్పకూడనిదే విప్పబోతా ఉండాను మౌల్వీసాబ్" అన్నారు.

పిల్లవాడికి ఇచ్చిన మాట

పక్కింట్లో ఒక పిల్లవాడు ఉన్నాడు, ఇప్పుడు పన్నెండేళ్ళు. ఆరేళ్ళ వయసు నుండి ప్రతి సాయంత్రం వచ్చి రైలు ముందు కూర్చునేవాడు. ఒక రోజు వాడి ఉత్సాహం చూసి పెద్దాయన, "నువ్వు పెద్దయినాక ఈ రైలు నీకేరా బేటా" అన్నారు. ఆ తరువాత ఆ మాట మరచిపోయారు. ఇప్పుడు చెన్నై నుండి ఒకాయన వచ్చి మొత్తం సామగ్రికి నలభై వేలు ఇస్తానన్నాడు. చిత్తూరు ఇంటికి అడ్వాన్సు కట్టడానికి ఆ డబ్బు అవసరం. పిల్లవాడు ఏమీ అడగలేదు. కాని పట్టాలు విప్పుతున్న రెండు రోజులూ గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాడు.

"ఆరేండ్ల పిల్లోడితో ఆటగా అన్న మాట కదా, అది కూడా లెక్కకు వస్తాదా?" అని పెద్దాయన అడిగారు.

ఇక్కడ ఫిఖ్హ్ ఏమి చెబుతుందో ముందు చూద్దాం. మన హనఫీ ఫిఖ్హ్ ప్రకారం కానుక (హిబా) పూర్తి కావాలంటే తీసుకునేవారి స్వాధీనంలోకి వస్తువు రావాలి. ఇస్తానన్నంత మాత్రాన యాజమాన్యం మారదు. కనుక వస్తువు ఇంకా పెద్దాయనదే. ఆయన అమ్మితే ఆ అమ్మకం చెల్లుతుంది. ఏ ఖాజీ కూడా ఆయన్ను ఆపడు. అయితే ఖాజీ ముందు చెల్లడం ఒకటి, అల్లాహ్ ముందు జవాబు చెప్పుకోవడం మరొకటి. మన ఉలమా మొదటిదాన్ని ఖజా అని, రెండవదాన్ని దియానత్ అని వేరుచేసి చెబుతారు. అకారణంగా మాట తప్పడం విశ్వాసికి తగదని, అది కపటుల లక్షణాలలో ఒకటని హదీసు స్పష్టం చేస్తోంది. నెరవేర్చాలనే సంకల్పంతోనే మాటిచ్చి, నిజంగా అశక్తుడైనవాడి సంగతి వేరు. కాని మరొకచోట ఎక్కువ ధర వస్తోందన్నది అశక్తత కాదు.

ఇక పిల్లవాడు కదా అనే ప్రశ్నకు జవాబు అబూ దావూద్ గ్రంథంలోనే ఉంది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ (రజి) చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడు ఆయన తల్లి, రా నీకొకటి ఇస్తానని పిలిచింది. ఆ ఇంట్లోనే ఉన్న దైవప్రవక్త (స), ఏమివ్వాలనుకున్నావని ఆమెను అడిగారు. ఖర్జూరం అని ఆమె చెప్పింది. నీవు ఏమీ ఇవ్వకపోయి ఉంటే నీ పేర ఒక అబద్ధం రాయబడేదని ఆయన హెచ్చరించారు. గమనించండి! ఒక్క ఖర్జూరం, ఒక పసివాడు, ఒక తల్లి నోటి మాట. లోకం దృష్టిలో ఇంతకంటే చిన్న ఒప్పందం ఉండదు. అయినా అది రాతలోకి వస్తుంది.

మన ఇళ్ళలో ఈ విషయం ఎంత తేలికైపోయిందో ఆలోచించాలి. ఏడుపు మానితే సైకిలు కొంటానంటాము. ఫస్టు వస్తే ఊరికి తీసుకుపోతానంటాము. పిల్లలు ఊరుకోగానే మరచిపోతాము. వాళ్ళు మరచిపోరు. పెద్దల మాటకు విలువ లేదన్న పాఠం పిల్లలు మొదట మన దగ్గరే నేర్చుకుంటారు. తరువాత వాళ్ళు మనకు అబద్ధం చెబితే ఆశ్చర్యపోతాము.

పెద్దాయన ఆ సాయంత్రం పిల్లవాడిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. తాను ఇచ్చిన మాటను, డబ్బు అవసరాన్ని, చెన్నై ఆయన బేరాన్ని అన్నీ వివరించి, "ఈ రైలు నీకేనని చెప్పినాను. నువ్వు ఏమని అనుకున్నావు? ఏది నీది?" అని అడిగారు. పిల్లవాడు గుట్టలను అడగలేదు, స్టేషనును అడగలేదు. రైలును నడిపించే మీట ఉన్న కరెంటు పెట్టె, ఇంజన్, రెండు పెట్టెలు, ఒక చుట్టు పట్టాలు చాలన్నాడు. అసలైన విలువ వాటిలోనే ఉంది. అవి లేకపోతే ఇరవై రెండు వేలకు మించి ఇవ్వలేనని చెన్నై ఆయన అన్నాడు. పెద్దాయన సరేనన్నారు. రెండవ ఇంజన్ మోటారు కాలిపోయిందని, రెండు చోట్ల పట్టా మార్చే మీటలు సరిగా పడవని కూడా అడగకముందే చెప్పారు. సరుకులోని లోపాన్ని ఉన్నదున్నట్టు చెప్పుకుంటేనే వ్యాపారంలో బర్కత్ ఉంటుందని, దాచితే అది తుడిచిపెట్టుకుపోతుందని దైవప్రవక్త (స) చెప్పారు కదా! బేరం మరో రెండు వేలు తగ్గింది. అడ్వాన్సులో తగ్గిన సొమ్ము పెద్దాయన ఇంకా నెలనెలా కట్టుకుంటున్నారు. ఆ కష్టం కష్టమే. కాని అది మాట నిలుపుకోవడానికి చెల్లించిన ధర.

హిజ్రత్ రాత్రి నేర్పిన పాఠం

మన చరిత్రలో అన్నిటికంటే గొప్ప ఇల్లు మారడం హిజ్రత్. ఆ రాత్రి దైవప్రవక్త (స) ఇంటి చుట్టూ ఆయన ప్రాణం తీయడానికి మనుషులు కాచుకుని ఉన్నారు. ఆ మక్కావాసుల సొమ్ములే ఆయన దగ్గర అమానతుగా ఉన్నాయి. తనను ఊరు వెళ్ళగొడుతున్నవారి సొమ్మును వెంట తీసుకుపోయినా లోకం తప్పు పట్టేది కాదేమో! ఆయన అలా చేయలేదు. హజ్రత్ అలీ (రజి) గారిని వెనుక ఉంచి, ఎవరి అమానతు వారికి చేర్చి రమ్మని ఆదేశించారు. హజ్రత్ అలీ (రజి) మూడు రోజులు మక్కాలో ఉండి ఆ పని పూర్తిచేసిన తరువాతే మదీనాకు బయలుదేరారు.

కనుక సోదర సోదరీమణులారా! ఇల్లు మారేటప్పుడు సామాన్లతో పాటు ఈ జాబితా కూడా వేసుకోండి. పొరుగింటి నుండి తెచ్చిన గిన్నె, దబర తిరిగి ఇచ్చామా? కిరాణా అంగడి ఖాతా తీర్చామా? పనిమనిషి జీతం మిగిలిందా? అద్దె ఇంటి గోడలకు మనం కొట్టిన మేకుల రంధ్రాలు పూడ్చామా? పొరుగువారిలో ఎవరి మనసైనా నొప్పించి ఉంటే క్షమాపణ కోరామా? పిల్లలకు, చుట్టాలకు ఇస్తానని చెప్పి ఇవ్వనిది ఏమైనా ఉందా? పాతబడిన ముస్హఫ్ పుటలను చెత్తలో కలవనీయకుండా గౌరవంగా భద్రపరిచామా? లారీ కదిలిన తరువాత ఇవి గుర్తుకు వస్తే తిరిగి రావడం కష్టం.

పెద్దాయన ఇల్లు ఖాళీ చేసిన రోజు ఆ మేడగదిలో మేకుల గుర్తులున్న ప్లైవుడ్ పలక ఒక్కటే మిగిలింది. దానిని కూడా మా మక్తబ్‌కు ఇచ్చారు. నేడు పిల్లలు ఆ పలక మీద ఖాయిదా పెట్టుకుని చదువుకుంటున్నారు.

మనమందరం ఒకనాడు ఖాళీ చేయవలసిన ఇల్లు ఒకటుంది. దానికి ముందుగా నోటీసు రాదు. అక్కడికి మన చేతులతో కట్టినదేదీ వెంట రాదు. మనం ఇచ్చిన మాటలు, నెరవేర్చినవీ నెరవేర్చనివీ, రెండూ వెంట వస్తాయి. అల్లాహ్ మనకు మన అమానతులను మన చేతులతోనే చేరవలసినవారికి చేర్చే భాగ్యాన్ని, చిన్నవారికిచ్చిన మాటను కూడా పెద్దదిగా చూసుకునే సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.